తోక గుండ్రంగానే ఉంది

కార్క్ వెళ్ళొచ్చి నెల దాటింది. వచ్చిన కొత్తలో ఎవరడిగినా "బాగుందండి, ఎటు చూసినా పచ్చదనమే" అని చెప్పి తప్పించుకున్నాను. ఐర్లండ్‌లో ఏ ఊరు వెళ్ళొచ్చినా ఆ ఒక్క మాట సరిపోతుంది. ఇప్పుడు కాస్త తీరిక చిక్కింది. తీరిక ఎందుకు చిక్కిందో చివర్లో మీకే తెలుస్తుంది. మీలో ఎవరూ ఆ వైపు వెళ్ళి ఉండరు. వెళ్ళినా నేను చూసింది చూసి ఉండరు. నేను మాత్రం కళ్ళారా చూసి, వేరేది చూశానని నా చేత్తోనే రాసిచ్చి వచ్చాను.

నేస్

ముందు నా సంగతి చెప్పాలి. తణుకులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పదకొండేళ్ళు జువాలజీ చెప్పాను. మా ఆయనకి ఇక్కడ నర్సు ఉద్యోగం వస్తే పిల్లని తీసుకుని వచ్చేశాం. నేను నర్సింగ్ హోమ్‌లో కేరర్‌గా చేరాను. ముసలివాళ్ళకి స్నానాలు చేయించడం, అన్నం తినిపించడం తక్కువ పనని నేనెప్పుడూ అనుకోలేదు. అయితే నా ఎమ్మెస్సీ సర్టిఫికెట్ వంటింటి ప్రెస్‌లో (అలమరని ఇక్కడ ప్రెస్ అంటారు, మాకూ అదే అలవాటైంది) కందిపప్పు డబ్బా వెనక ఆరేళ్ళుగా పడి ఉంది. పప్పు తీసినప్పుడల్లా అది కంటబడేది.

రత్నం అంకుల్ మాకు చుట్టం కాదు. డబ్లిన్‌లో బోమాంట్ అనే పేటలో ఉంటారు, డాక్టరుగా చేసి రిటైరయ్యారు. మా తెలుగు చర్చిలో పెద్ద. మేం వచ్చిన ఏడాది అద్దెకి ఇల్లు దొరక్క ముగ్గురం ఒకరి ఇంట్లో ఒక్క గదిలో సర్దుకున్నాం. డబ్లిన్ పక్క ఊరు నేస్‌లో ఈ ఇంటి యజమానికి ఆయన ఫోన్ చేసి మాట్లాడితేనే లీజు మా పేరున వచ్చింది. ఆ సంగతి ఆయన ఇప్పటికీ ఎత్తరు. ఎత్తి ఉంటే నాకు కొంత తేలిగ్గా ఉండేదేమో.

రిటైరయ్యాక ఆయనకి పిట్టల్నీ నదుల్నీ చూసే సరదా పట్టుకుంది. మెడలో ఎప్పుడూ బైనాక్యులర్స్ ఉంటాయి. అలా తిరుగుతున్నప్పుడే నోరా అనే ఆవిడ పరిచయమైంది. ఆవిడ నదుల సర్వే ఒకటి నడుపుతోంది. కార్క్ అవతల ముంపు అడవిలో ఎలుక జాతి జంతువేదో పెద్దది తిరుగుతోందని కబురొచ్చింది. ఈ దేశానికి చెందని జంతువైతే గట్లు తవ్వి, రెల్లు మేసేసి నాశనం చేస్తుంది. అదేమిటో తేల్చడానికీ, తర్వాత వెంబడించడానికీ ఆవిడకి ఒక మనిషి కావాలి. ఆరు నెలల పని. మూడు రోజులు వచ్చి పని చేసి చూపిస్తే, నచ్చితే తీసుకుంటానంది. అంకుల్ నా పేరు చెప్పారు. నేను నర్సింగ్ హోమ్‌లో సెలవు పెట్టి, సర్టిఫికెట్‌కి అంటిన పప్పు దుమ్ము దులిపి సంచీలో పెట్టుకున్నాను.

కాషెల్

అంకుల్ కారులోనే వెళ్ళాం. దారిలో కాషెల్ అనే ఊళ్ళో పెద్ద రాతిగుట్ట మీద పాత కోటా చర్చీ ఉన్నాయి. జనం టికెట్లు కొని పైకి వెళుతున్నారు. మేం కింద బెంచీ మీద కూర్చుని పులిహోర డబ్బా తెరిచాం. తెరవగానే వాన. ఇక్కడి వాన తడిసేదాకా వానలా అనిపించదు. గొడుగు కారులోనే ఉండిపోయింది. పక్క బెంచీలో ఒక ముసలావిడ మమ్మల్ని చూసి, "లవ్లీ డే, థ్యాంక్ గాడ్" అంది. ఆవిడ జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. వీళ్ళు ఎదురుగా ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పరని నాకు అప్పుడు నవ్వొచ్చింది.

అంకుల్ తింటూ నాకు పరీక్ష పెట్టారు.

"చెప్పమ్మా సునీతా, నీళ్ళలో ఒకటి ఈదుకుంటూ పోతోంది. ఏ జంతువో ఎలా చెబుతావు?"

"తోక చూడాలంకుల్. మస్క్‌రాట్‌దైతే సన్నగా, రెండు పక్కలా నొక్కేసినట్టుంటుంది. ఈదుతుంటే పాములా మెలికలు తిరుగుతుంది. కోయ్‌పుదైతే గుండ్రం, మన పందికొక్కు తోక లాగే, కాకపోతే లావు. ఒళ్ళు కూడా మస్క్‌రాట్‌కి నాలుగైదింతలుంటుంది. మీసాలు తెల్లగా ఉంటాయి, ముందు పళ్ళు నారింజ రంగు."

"మరి బీవర్?"

"దాని తోక అట్లకాడలా ఉంటుంది కదండీ. అది కనిపిస్తే ఇంక అనుమానమే లేదు."

"శభాష్. నేను కెనడాలో ఉన్న రెండేళ్ళూ మస్క్‌రాట్లని ఇంటి వెనకే చూసేవాణ్ణి. ఇక్కడ ఎప్పుడో తాతల కాలంలో బొచ్చు కోసం పెంచితే తప్పించుకున్నాయంట. పట్టి పట్టి ఏరేశారు. కోయ్‌పు అంటావా, అప్పుడప్పుడు ఎక్కడో ఒకటి కనిపిస్తానే ఉంటది. అదే మస్క్‌రాట్ అనుకో, పేపర్లో వేస్తారు." ఆయన చెయ్యి తుడుచుకుని బైనాక్యులర్స్ అద్దాలు కూడా తుడిచారు. "మనవాళ్ళ పేరు పేపర్లో రావాలమ్మా. ఎప్పుడూ నర్సులూ కంప్యూటర్లేనా?"

నేను తలూపాను. ఆ మాట నాకూ నచ్చింది, అబద్ధమెందుకు.

కార్క్

కార్క్‌లో మాకు సాయంత్రం మాత్రమే మిగిలింది. ఊరి నడుమ కప్పు వేసిన పాత బజారు ఒకటుంది. ఒక మాంసం కొట్టు అద్దం వెనక బోటీ కనబడి ఆగిపోయాను. తెల్లగా కడిగి, మడతలు పెట్టి, పక్కనే రక్తంతో చేసిన నల్లటి చుట్టలు. ఈ ఊరివాళ్ళకి ఆ రెండూ కలిపి పాలల్లో ఉల్లిపాయలు వేసి ఉడకబెట్టుకోవడం అలవాటట. మా ఇంట్లో క్రిస్మస్ మర్నాడు బోటీ కూర తప్పనిసరి. డబ్లిన్‌లో ఎవరైనా వినేస్తారేమోనని దాని పేరు గట్టిగా అనం. ఇక్కడ దర్జాగా అద్దంలో పెట్టి, మా నేస్‌లో కోడి కన్నా తక్కువ ధరకి అమ్ముతున్నారు. కొట్టతనితో మాకూ ఇది అలవాటేనని చెప్పాను. "పాలల్లోనేనా?" అన్నాడు. కారంలో అన్నాను. అతను కాసేపు ఆలోచించి, "ఫెయిర్ ప్లే టు యే," అని మెచ్చుకుని ఒక ముక్క ఎక్కువ వేశాడు. పొయ్యి లేని బస గదికి బోటీ ఎందుకు కొన్నానో ఇప్పటికీ తెలీదు. బస నడిపే ఆవిడ ఫ్రిజ్‌లో పెట్టుకోనిచ్చింది, పైన నా పేరు రాసిన కాగితం అంటించి.

ఈ ప్రయాణంలో నేను సంతోషంగా ఉన్నది ఆ గంటే. అందుకే ఇంత సేపు రాశాను.

గీరా

మక్రూమ్ అనే చిన్న ఊరు దాటాక ముంపు అడవి వస్తుంది. దాన్ని గీరా అంటారు. కరెంటు కోసం నదికి ఆనకట్ట కట్టినప్పుడు చెట్లు నరికేసి వదిలేశారు. మొదళ్ళు మాత్రం నీళ్ళలో నల్లగా, వరసలు వరసలుగా ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. వాటి మధ్య సన్నటి కాలవలు, రెల్లు, బురద.

నోరాకి యాభై ఏళ్ళుంటాయి. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, మాట తక్కువ. చెయ్యి కలిపి తనని నోరా అనే పిలవమంది. వయసులో పెద్ద మనిషిని, ఉద్యోగం ఇవ్వాల్సిన మనిషిని మొదటి రోజే పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. మేడమ్ అన్నాను. ఆవిడ వెనక్కి తిరిగి ఇంకెవరైనా ఉన్నారా అని చూసింది.

నా బూట్లు ఒక సైజు పెద్దవి. పది అడుగులు వెయ్యగానే ఎడమ కాలు బూటు బురదలో ఉండిపోయింది, కాలొక్కటే బయటికొచ్చింది. ఆ బూటు పీకుతుండగా కుక్కని తిప్పుకుంటున్న ఒక పెద్దాయన వచ్చి సాయం పట్టాడు. ఆయన వాళ్ళ అమ్మమ్మ ఇల్లు ఆ నీళ్ళ కిందే ఉందట. ఎక్కడ పొయ్యి ఉండేదో వేలెత్తి చూపించాడు. అక్కడ రెండు బాతులు ఈదుతున్నాయి. నోరా ఆ జంతువు గురించి అడిగింది.

"రెండున్నాయి. రోజూ పొద్దున్నే చూస్తున్నా," అన్నాడు. "పెద్దది మా కుక్కంత ఉంటుంది. మీసాలు నావి లాగే తెల్లబడ్డాయి."

కుక్క చిన్నదే గాని మస్క్‌రాట్ కన్నా ఎన్నో రెట్లుంది. నా మనసులో లెక్క అప్పుడే తేలిపోయింది. అంకుల్ మాత్రం నవ్వి, దూరం నుంచి నీళ్ళలో ఏదైనా పెద్దగానే కనిపిస్తుందని ఆయనకి ఇంగ్లిషులో వివరించారు. పెద్దాయన "ఈజ్ దట్ సో" అని కుక్కని పిలుచుకుని వెళ్ళిపోయాడు.

నోరా కాస్త వెనక ఒక చెట్టుకి కెమెరా కడుతోంది. అంకుల్, నేను రెల్లు పక్కన చతికిలబడ్డాం. పావుగంటకి ఎదురుగా నీళ్ళు కదిలాయి. అంకుల్ గబుక్కున బైనాక్యులర్స్ మెడలోంచి తీసి నాకిచ్చారు. "నువ్వు చూడమ్మా, నీ కళ్ళు కుర్రవి." ఆయనకి రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది. ఇది ఆయన మంచితనం. ఈ కథలో ఆయన మంచితనం లేని చోటు నాకు ఎక్కడా కనబడదు, అదే నా ఖర్మ.

అది ఈదుకుంటూ వచ్చి ఒక నల్లటి మొద్దు మీదికెక్కింది. తీరిగ్గా కూర్చుని ఒక రెల్లు దుంపని రెండు చేతులా పట్టుకుని కొరికింది. మీసాలు తెల్లగా ఉన్నాయి. నోరు తెరిచినప్పుడు పళ్ళు నారింజ రంగులో కనిపించాయి. తోక మొద్దు మీంచి కిందికి వేలాడుతోంది. గుండ్రంగా, లావుగా, తడిసిన తాడులా. అరనిమిషం చూసి ఉంటాను. నాకు పుస్తకంలో బొమ్మగా తెలిసిన జంతువు ప్రాణంతో ఎదురుగా కూర్చుని తింటోంది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత అది చప్పుడు లేకుండా జారి నీళ్ళలోకి పోయింది.

"మస్క్‌రాట్," అన్నారు అంకుల్. "చూశావా తోక? పక్కలకి ఎలా నొక్కేసినట్టుందో."

"అంకుల్, తోక కొంచెం..."

"నేను రెండేళ్ళు చూశానమ్మా వాటిని. నా పెరట్లో."

"అవునంకుల్," అన్నాను.

అంతే. ఎవరూ నా గొంతు పట్టుకోలేదు. ఒక పెద్దాయన, మాకు తల దాచుకోను ఇల్లు ఇప్పించినాయన, చిన్నపిల్లాడిలా మురిసిపోతున్నాడు. మీరన్నది కాదండీ అనడం నాకు అలవాటు లేదు. కాలేజీలో ఆ పదకొండేళ్ళూ ప్రిన్సిపాల్ గారి మాటకి ఎదురు చెప్పినవాళ్ళని నేను చూడలేదు. ఇంట్లో మా నాన్న ముందు మా అమ్మ చెప్పగా వినలేదు.

నోరా పరిగెత్తుకుంటూ వచ్చింది. అంకుల్ అంతా చెప్పారు. ఆవిడ విని నా వైపు తిరిగింది.

"మరి మీరేం చూశారు?"

"డాక్టర్ గారు చెప్పిందే," అన్నాను.

మక్రూమ్

ఊళ్ళోకొచ్చి ఒక చిన్న హోటల్లో కూర్చున్నాం. టీ, స్కోన్ అనే గట్టి రొట్టె, దాని మీదికి వెన్నా జామూ. రొట్టె కన్నా వెన్నే ఎక్కువ ఇచ్చారు. బూటులోకి దిగిన బురద నీళ్ళు నా కాలివేళ్ళ మధ్య ఇంకా చల్లగా ఉన్నాయి.

నోరా మా ఇద్దరికీ చెరొక ఫారం ఇచ్చింది. "విడివిడిగా రాయండి. ఒకరిది ఒకరు చూసుకోవద్దు," అంది. అంకుల్ సరేనని, తన కుర్చీ నా పక్కకి జరుపుకున్నారు. కళ్ళజోడు తెచ్చుకోలేదట. "నేను చెబుతాను, నువ్వు నాది కూడా రాసెయ్యమ్మా." నోరా చూసి, తన టీలో పాలు పోసుకుంది. వీళ్ళకి ఒకసారి చెప్పడమే మర్యాద, రెండోసారి చెప్పరు.

ఫారంలో తోక దగ్గర మూడు గళ్ళున్నాయి. గుండ్రం, పక్కలకి నొక్కినట్టు, వెడల్పు. తణుకులో ప్రాక్టికల్స్‌కి పిల్లలు మైక్రోస్కోపులో చూడకుండా పాత రికార్డులు చూసి బొమ్మలు దించేవాళ్ళు. నేను ఆ కాగితాలు చింపేసేదాన్ని. "కనబడింది గియ్యండి. కనబడాల్సింది కాదు," అని అరిచేదాన్ని. ఒక ఆడపిల్ల ఏడ్చింది కూడా. ఆ పిల్ల ఇప్పుడెక్కడుందో గాని, ఆ టేబుల్ దగ్గర ఉండి ఉంటే నా ఫారం చింపే హక్కు తనకుంది. ఆయన కాగితంలోనూ నా కాగితంలోనూ రెండో గడిలోనే టిక్కు పెట్టాను.

అంకుల్ చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు. నోరా కప్పు కింద పెట్టి, మెల్లగా అడిగింది.

"సునీతా, బైనాక్యులర్స్ మీ దగ్గరున్నాయి కదా. తోక గుండ్రంగా ఉందా, నొక్కినట్టుందా?"

ఇంత తిన్నగా నన్ను ఈ దేశంలో ఎవరూ ఏదీ అడగలేదు. నా చదువు గురించి ఎవరో నన్ను అడగాలని ఆరేళ్ళుగా ఎదురు చూశాను. అడిగింది. అంకుల్ తలుపు తీసుకుని వస్తున్నారు.

"నొక్కినట్టే ఉంది," అన్నాను.

"గ్రాండ్," అంది నోరా.

ఆ మాటకి బాగుంది అని అర్థమనుకున్నాను. ఇక్కడ ఆరేళ్ళున్నదాన్ని, ఆ మాట ఎన్ని రకాలుగా వాడతారో తెలిసీ అలాగే అనుకున్నాను.

మళ్ళీ నేస్

మూడో రోజు గట్ల వెంట తిరిగి బొరియలు వెతికి, రెల్లు ఎక్కడెక్కడ కొరికేసి ఉందో రాసుకుని, సాయంత్రానికి ఇల్లు చేరాం. బోటీ ఆ ఫ్రిజ్‌లోనే ఉండిపోయింది. దార్లో అంకుల్ పేపరువాళ్ళతో ఏం చెప్పాలో ఆలోచించుకున్నారు. మా అమ్మాయి హానాకి పన్నెండేళ్ళు. మేం తెలుగులో అడిగితే అచ్చం ఇక్కడి పిల్లల యాసతో ఇంగ్లిషులో జవాబిస్తుంది.

"డిడ్ యే సీ ఇట్, మామ్?"

చూశానని దానికి అన్నీ చెప్పాను. తెల్ల మీసాలు, రెండు చేతులా పట్టుకుని తినడం, గుండ్రటి తోక. కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. అది ఆ బొమ్మని తన గదిలో గోడకి అంటించుకుంది.

రెండు వారాలకి నోరా దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. మేమిద్దరం మస్క్‌రాట్ అని రాసిచ్చాం కాబట్టి వాళ్ళు చిన్న బోనులు పెట్టారు. ఆ బోనుల్లో మామూలు ఎలుకలు తప్ప ఏమీ పడలేదు. ఈలోగా చెట్టుకి కట్టిన కెమెరాలో ఫోటో వచ్చింది. దాన్ని కూడా పంపింది. అదే మొద్దు, అదే కూర్చోవడం, వెనక వేలాడుతున్న లావుపాటి తోక. తర్వాతి ఫోటోలో పక్కన మూడు పిల్లలున్నాయి. పెద్ద బోనులు తెచ్చేసరికి తల్లీ పిల్లలూ పై కాలవల్లోకి వెళ్ళిపోయాయట. ఇప్పుడు ఎక్కడ దొరుకుతాయో తెలియదు.

ఉత్తరం మర్యాదగానే ఉంది. రెల్లు గురించి నేను రాసిన వివరాలు చాలా బాగున్నాయంది. ఆ పనికి వేరొకరిని తీసుకున్నామంది. చివర ఒక వాక్యం ఉంది. "మాకు పొరపాటు పడే మనుషులు ఫరవాలేదు, చూసింది రాసే మనుషులు కావాలి."

వీళ్ళు మాటల్లో అన్నిటికీ గ్రాండ్ అంటారు, వానలో తడుస్తూ లవ్లీ డే అంటారు. కాగితం దగ్గరికొచ్చేసరికి ఉన్నదున్నట్టు రాస్తారు. మనం నోటితో ఏది అన్నామో కాగితం మీదా అదే దిద్దుతాం. కాషెల్ బెంచీ మీద కూర్చుని ఆ ముసలావిణ్ణి చూసి నవ్వుకున్నందుకు నాకు సిగ్గేసింది. సర్టిఫికెట్ తీసి మళ్ళీ ప్రెస్‌లో పెట్టాను. ఈసారి బియ్యం డబ్బా వెనక, అది రోజూ తియ్యాలి గదా, గుర్తుంటుందని.

డబ్లిన్

గీరా వెళ్ళిన వాళ్ళు అక్కడితో ఆపేస్తారు. నా ప్రయాణం మాత్రం పోయిన ఆదివారం, మా చర్చి వాళ్ళం అద్దెకి తీసుకునే స్కూలు హాల్లో ముగిసింది. ఆరాధన అయ్యాక అందరం పేపర్ ప్లేట్లలో భోజనాలు చేస్తున్నాం. నేను వడ్డిస్తున్నాను. అంకుల్ చుట్టూ పదిమంది కూర్చుని ఆ జంతువు సంగతేమైందని అడిగారు.

"ఏముంది, కోయ్‌పు అని తేలింది," అన్నారాయన. "నేను మామూలు డాక్టర్ని. పైగా కళ్ళజోడు కూడా లేదు. జువాలజీ చదివింది మన సునీత. బైనాక్యులర్స్ కూడా తన చేతుల్లోనే ఉన్నాయి. రెండు ఫారాలూ తనే రాసింది." తర్వాత నా వైపు చూసి, ఎంతో ఆప్యాయంగా, "పోన్లే అమ్మా, పొరపాట్లు అందరికీ జరుగుతాయి. ఇంకోటి చూద్దాం," అన్నారు.

ఆయన అన్నదాంట్లో ఒక్క అబద్ధం లేదు. పక్కనున్నావిడ ప్లేటులో గరిటెడు కూర ఎక్కువ వేశాను. అందరూ నా వైపే చూస్తున్నారు, జాలిగా.

"అవునంకుల్," అన్నాను. "తోక నేనే సరిగ్గా చూడలేదు."

హానా నా పక్కనే నీళ్ళ గ్లాసులు పెడుతోంది. తల ఎత్తింది.

"బట్ మామ్, యూ టోల్డ్ మీ ఇట్ వాజ్ రౌండ్. యూ డ్రూ ఇట్."

అంకుల్ ప్లేటులోకి చూస్తున్నారు. హానా ముఖంలో కోపం లేదు. ఉన్నది చెప్పింది, అంతే.

"పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో మాట్లాడకూడదని ఎన్నిసార్లు చెప్పాను?" అన్నాను. "వెళ్ళి తాతగారికి పెరుగు పట్రా."

అది నన్నోసారి చూసింది. వెళ్ళి పెరుగు తెచ్చి ఆయనకి వడ్డించింది.